స్టడీ గారు డిజిటల్‌లోకి దిగిన ఏడాది

ఏదీ, ఆ కెమెరా ఒకసారి ఇలా ఇవ్వు తల్లీ. పడేయనులే, నా చేతులు వణికేది కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడే. అబ్బో, బరువు బానే ఉంది. కన్ను ఎక్కడ పెట్టాలి, ఇక్కడా? మా బావ అయితే ఇలా చేతిలోకి తీసుకోగానే ముందు బరువు చూసేవాడు, కూరగాయలు తూచినట్టు అటూ ఇటూ ఊపి. ఏ బావ అంటావేంటి, మా అక్కయ్య మొగుడు, నీకు తాతయ్య వరస. నువ్వు పుట్టకముందే పోయాడు, నీకెలా తెలుస్తాడులే. ఊళ్లో ఆయన అసలు పేరు నాకూ మా అక్కయ్యకీ తప్ప ఎవరికీ తెలీదు. అందరికీ స్టడీ గారే. ఎందుకంటే ఫొటో తీసే ముందు గొంతు తగ్గించి, పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు, "స్టడీ... స్టడీ..." అనేవాడు. పెళ్లికూతురైనా సరే, పోలీసాయనైనా సరే, ఆ మాట వింటే ఊపిరి బిగబట్టి బొమ్మలా కూర్చోవాల్సిందే. స్టూడియో మెయిన్ రోడ్డు మీదే ఉండేది, కింద మందుల షాపు, పైన ఈయన. మెట్లు ఎంత ఇరుకంటే కాస్త ఒళ్లున్నవాళ్లు పక్కకి తిరిగి ఎక్కేవాళ్లు. పైకెళ్లాక ఒక బల్ల, ఒక అద్దం, అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. ఎవరూ ఎత్తుకెళ్లకుండా కట్టాడనుకునేవు, అదేం కాదు, దువ్వుకుంటూ దువ్వుకుంటూ జనం కిటికీ దగ్గరికి పోయి రోడ్డు మీదవాళ్లతో కబుర్లు పెట్టేవాళ్లని కట్టాడు.

ఇప్పుడు నీలాగా టకటకా నొక్కడం ఆయనకి తెలీదు. తిట్టడం లేదమ్మా, చెప్తున్నా. ఒక మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, లైటు సర్ది, గడ్డం కిందికి పైకి జరిపించి, మళ్లీ వెళ్లి కర్టెన్ కాస్త లాగి, ఆ తర్వాత ఒక్కటే ఒక్కటి తీసేవాడు. ఇంకోటి తియ్యండి సార్, కళ్లు మూశానేమో అంటే, "మూస్తే నాకు తెలీదా, లే" అనేవాడు. అంత ధీమా. ఆ ధీమాకి సగం కారణం మా అక్కయ్య. లోపల డార్క్ రూమ్ ఆవిడదే. ఎర్ర బల్బు వెలుగులో మూడు ట్రేలు ముందు పెట్టుకుని నిలబడేది. కాగితం మీద వెలుగు పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, వేళ్లు ఇలా ఇలా ఆడించి, మొహం మీద ఎక్కడ నలుపు తగ్గాలో అక్కడ తగ్గించేది, ఎక్కడ పెరగాలో అక్కడ పెంచేది. ఆయన తీసిందాన్ని ఈవిడ మనిషిని చేసేది అనుకో. ఆ మాట నేను ఒకసారి బావ ముందే అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు సరికదా, నువ్వు ఇప్పుడు తెలుసుకున్నావా అన్నట్టు చూశాడు.

డిజిటల్ వచ్చిన కొత్తలో మార్కెట్ దగ్గర స్టూడియో వాడు ముందు కొన్నాడు. అరగంటలో ఫొటోలు అని బోర్డు పెట్టాడు. జనం అటు పోవడం మొదలైంది. నేను అప్పుడు బిస్కెట్ ఫ్యాక్టరీలో పిండికి అచ్చు వేసే మౌల్డింగ్ మెషీన్ మీద ఉండేవాణ్ని, డ్యూటీ దిగి వస్తూ బావ దగ్గర ఆగేవాణ్ని. బావా, కాలం మారుతోంది అంటే, మారనీ, నేనేమన్నా అడ్డం పడుకున్నానా అనేవాడు. అది ఫొటో కాదుట, టీవీలో బొమ్మట. నెగటివ్ లేని ఫొటోకి దిక్కేముంది అనేవాడు. అలా ఎంతమంది చెప్పినా కదలని మనిషి, ఒక్క రోజులో మారిపోయాడు. ఎందుకు మారాడో చెప్తా విను.

మా అక్కయ్య వేళ్లు. ఏళ్ల తరబడి ఫొటోలు కడిగే ఆ డెవలపర్ నీళ్లలో పెట్టీ పెట్టీ చివర్లు పగిలిపోయాయి. ముందు చలికాలం అనుకున్నారు, ఏదో క్రీము రాసుకుంది. ఎండాకాలం వచ్చినా తగ్గలేదు. జాకెట్టు హుక్కు పెట్టుకోవాలన్నా చురుక్కుమనేది, చెప్పేది కాదు. ఒకరోజు అన్నం తింటుంటే ఆవిడ చెంచా తెచ్చుకుంది. బావ చూశాడు. ఏంటి చెంచా అన్నాడు. ఊరికే అంది. చెయ్యి పట్టుకుని తిప్పి చూస్తే, తల్లీ, వేళ్ల సందుల్లో ఎర్రటి చీలికలు. చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. ఆయన ఇంకో ఏడాది ఇదే పని చేస్తే చేతులు దేనికీ పనికిరావు అని తేల్చేశాడు. ఆ వారంలోనే డిజిటల్ కెమెరా, కంప్యూటర్, ప్రింటర్ మెట్ల మీదుగా పైకెక్కాయి. ట్రేలు కడిగి అటక మీద బోర్లించేశాడు. డార్క్ రూమ్ తలుపుకి గొళ్లెం పెట్టేశాడు.

సంతోషించి ఉంటుంది అనుకుంటున్నావా? మా అక్కయ్య సంగతి నీకు తెలీదు. ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైంది. అరవలేదు, అరిస్తే బాగుండేది. మాట్లాడ్డం మానేసింది. నా దగ్గరికొచ్చి చెప్పుకుంది, మా గుమ్మంలో నిలబడి, లోపలికి కూడా రాకుండా. "నా చేతులు బాగు చేద్దామనుకున్నాడు సరే. ఆ చేతులు పెట్టుకుని నేనేం చెయ్యాలో అడిగాడా?" అంది. నిజమే కదా. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ చీకటి గదే ఆవిడ ఆఫీసు. ఒక్కపూటలో తాళం పడింది. ఆ తర్వాత స్టూడియోకి వచ్చేది కానీ బయట బల్ల దగ్గర కూర్చుని కవర్లు అంటించేది. కంప్యూటర్ వైపు వీపు పెట్టుకుని కూర్చునేది. బావ ఎదురింటి పైన కంప్యూటర్ క్లాసులు చెప్పే మేడమ్ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుని, రెండు వేళ్లతో కొట్టుకుంటూ తంటాలు పడేవాడు. పక్కనే భార్య ఉండీ ఒంటరివాడైపోయాడు పాపం.

అలా ఉండగా మా ఫ్యాక్టరీ మూసేస్తున్నారని తెలిసింది. నీకు ఆ వాసన తెలీదు. పొద్దున్న ఓవెన్ వెలిగిస్తే రైల్వే గేటు దాకా వెన్న వాసన. బడికెళ్లే పిల్లలు ముక్కులు ఎగబీల్చుకుంటూ నడిచేవాళ్లు. అంత పెద్ద ఫ్యాక్టరీ. మేనేజరు మంచివాడు, ఆఖరి రోజు ప్రతి మనిషికీ తన మెషీన్ దగ్గర నిలబడ్డ ఫొటో ఒకటి ఇద్దామన్నాడు. మా గుర్తింపు కార్డుల ఫొటోలన్నీ ఎప్పుడూ బావే తీసేవాడు, కాబట్టి ఆయన్నే పిలిచారు. ఆ రోజు చూడాలి మా బావని. తెల్ల టోపీ పెట్టారు నెత్తిన, లోపలికి వెళ్లాలంటే ఎవరైనా పెట్టుకోవాల్సిందే. పిండి కలిపే చోటు నుంచి ప్యాకింగ్ దాకా పరుగులే పరుగులు. జీవితంలో మొదటిసారి ఫిల్మ్ అయిపోతుందన్న దిగులు లేదు కదా, బెల్టు మీద బిస్కెట్లు తీశాడు, ఓవెన్ మూత సందులోంచి మంట తీశాడు, నవ్వుతున్నవాళ్లని తీశాడు, మూల నిలబడి ముక్కు చీదుకుంటున్నవాళ్లని తీశాడు. నా దగ్గరికొచ్చి, "ఏం బావా, ఇది బానే ఉందిరోయ్" అన్నాడు. ఆయన నన్ను సరదాకి బావా అనేవాడులే. ఆ మొహంలో అంత వెలుగు నేను డిజిటల్ వచ్చాక మళ్లీ అప్పుడే చూశాను. సాయంత్రం మేము మెషీన్లు ఆపేసి, టోపీలు తీసి ఒక డబ్బాలో పడేసి బయటికొచ్చాం. అంతే.

మర్నాడు మధ్యాహ్నం భోంచేసి వచ్చి, ఫొటోలున్న కెమెరా కార్డు కంప్యూటర్‌లో పెట్టాడు. అదేదో ఇంగ్లీషులో అడిగిందిట. ఇది మామూలుగా అడిగేదే అనుకుని సరే అని నొక్కేశాడు. మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అక్కడితో ఆగితే ఒక రకం. ఆయనకి అర్థం కాలేదు. కెమెరాలో ఏదో లోపం ఉందనుకుని, పనిచేస్తోందో లేదో చూద్దామని, అదే కార్డు వేసి గోడనీ, స్టూలునీ, గుమ్మం దగ్గర విడిచిన తన చెప్పుల్నీ తీస్తూ కూర్చున్నాడు. పనిచేస్తోంది, బ్రహ్మాండంగా. అప్పుడు కంప్యూటర్ మేడమ్‌ని పిలిచాడు. ఆవిడ చూసి, తల పట్టుకుని, "అయ్యో మాస్టారూ, వెంటనే పిలిచుంటే అన్నీ తెచ్చేదాన్ని. ఇప్పుడు వాటి చోట్లో కొత్తవి పడ్డాయి, వాళ్ల మొహాల మీద మీ చెప్పులు కూర్చున్నాయి" అంది.

నేనైతే ఊరొదిలి పోయేవాణ్ని. కాదూ ఏదో ఒకటి చెప్పేవాణ్ని, కెమెరా కాలిపోయిందనో, దొంగలెత్తుకెళ్లారనో. ఆయన చొక్కా మార్చుకుని నేరుగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చాడు. మేమంతా లెక్కలు తేల్చుకోవడానికి అక్కడే ఉన్నాం. ఒక సిమెంటు దిమ్మ ఉంటే దాని మీదికెక్కి, అందరికీ వినపడేలా చెప్పాడు. "నిన్న తీసిన ఫొటోలు ఒక్కటీ లేవు. కెమెరా తప్పు కాదు, నేను చూడకుండా నొక్కాను." ఇంకేం కలపలేదు. తర్వాత ఓవెన్ మేస్త్రీ, పెద్దాయన, చాలా మెల్లగా, పాత కెమెరా తెచ్చుంటే బాగుండేది కదా స్టడీ గారూ అన్నాడు. తిట్టినా అంత నొప్పి ఉండదు. బావ మళ్లీ లోపలికి తీసుకెళ్లమని మేనేజర్ని బతిమాలాడు, వెళ్లి చూస్తే ఏముంది, కొన్నవాళ్లు అప్పటికే బోల్టులు విప్పుతున్నారు. ఓవెన్ బెల్టు చాపలా చుట్టి గోడకి ఆనించేశారు. ఇంక ఆ చోటు లేదు, తీయడానికి.

ఆ వారం బావ స్టూడియో తెరిచాడు కానీ తెరిచినట్టు లేదు. పాత కెమెరా దింపు బావా, ఈ దరిద్రం వదిలేయ్ అని నేనే అన్నాను. ఆయన వినలేదు. "ఫిల్మ్‌లో మాత్రం నేను తప్పులు చెయ్యలేదా? నేర్చుకునే రోజుల్లో ఎంతమందిని తెల్ల కాగితాలు చేశానో మా గురువుని అడుగు. అప్పుడు వదిలేశానా?" అన్నాడు. ఇంతలో మేడమ్ ఏదో సాఫ్ట్‌వేర్ తెచ్చి వేసింది. కొన్ని బయటికొచ్చాయి. ఏం రావడంలే, ఒకరికి నుదురు దాకా, ఒకరికి సగం మొహం, మిగతాదంతా బూడిదరంగు గీతలు. మేడమూ బావా తెర ముందు కూర్చుని ఇది ఎవరు, అది ఎవరు అని తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నేను అక్కడే ఉన్నా. వెనక కవర్లు అంటిస్తున్న అక్కయ్య, తల తిప్పకుండా ఉండలేకపోయింది అనుకుంటా. ఒక చెవి, కాస్త దవడ కనిపిస్తున్నాయి తెర మీద. "అది కటింగ్ మెషీన్ అమ్మాయి" అంది. అందరం తిరిగి చూశాం. "ఆ చెవి తమ్మె దవడకి అతుక్కుని ఉంటుంది. గుర్తింపు కార్డు ఫొటోలో ఎప్పుడూ నల్లగా పడేది, తేల్చడానికి చచ్చేదాన్ని." లేచి వచ్చింది. ఇంకోటి చూపించమంది. ఇది ప్యాకింగ్ పెద్దావిడ, ఇది మా తమ్ముడు, ఆ మెడ చూడు ఎలా పెట్టాడో, అని నన్ను కూడా పట్టేసింది. ఎర్ర లైటు కింద అన్నేళ్లు చూసిన మొహాలు కదా. కాసేపయ్యాక బావ భుజం మీద తట్టి, "లేవండి" అంది. ఆయన లేచాడు. ఆవిడ ఆ కుర్చీలో కూర్చుంది. "ఇక మీద దీని మీద మీ చెయ్యి పడకూడదు. మీరు తీయండి, నేను చూసుకుంటాను" అంది. అంతే తల్లీ, మాటలు మొదలయ్యాయి. మౌస్ ఎలా పట్టుకోవాలో మేడమ్ చూపించబోతే, అక్కయ్య ముందు తెర మీద చెయ్యి అడ్డం పెట్టింది, వెలుగు ఆపడానికి. అలవాటు. తనే నవ్వేసింది.

ఆ ఆదివారం నుంచీ ఇద్దరూ ఇళ్లకి తిరగడం మొదలుపెట్టారు. మెషీన్లు పోయినా మనుషులున్నారు కదా అని. బావ స్కూటర్ తోలేవాడు, అక్కయ్య వెనక కెమెరా సంచి ఒళ్లో పెట్టుకుని. రోజూ సాయంత్రం వచ్చి కార్డు ఆవిడే తీసి, ఆవిడే పెట్టి, రెండు చోట్ల దాచాక గానీ కాఫీ పెట్టేది కాదు. అప్పటికి మావాళ్లు తలో దిక్కు అయిపోయారు. ఒకడు ఆటో తోలుతున్నాడు, ఒకామె టైలరు దగ్గర గుండీలు కుడుతోంది. బావ ఎవరింటికెళ్లినా ముందు కెమెరా తీసేవాడు కాదు. కూర్చుని, నీళ్లు తాగి, ఫ్యాక్టరీలో నీ చోటు నుంచి ఏం కనిపించేది అని అడిగేవాడు. వాళ్లు చెప్పడం మొదలుపెట్టాక ఎప్పుడో తీసేవాడు. ఓవెన్ మేస్త్రీ ఉన్నాడే, ఎప్పుడూ కుడివైపు మంటకి తిరిగి నిలబడీ నిలబడీ ఆ చెంప రాగి చెంబులా అయిపోయింది. ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఆ చెంప మీదే వెలుగు వేశాడు. ప్రింటు చూసి వాళ్లావిడ, కంప్యూటర్‌లో తెల్లగా చేస్తారటగా, ఆ చెంప కాస్త సరిచెయ్యమ్మా అని అక్కయ్యని అడిగింది. అక్కయ్య ఏమీ అనకముందే మేస్త్రీ, "అది నేను సంపాదించుకున్నది, ఉండనీ" అన్నాడు.

ప్యాకింగ్ పెద్దావిడది ఇంకో కథ. ఆవిడకి కుర్చీలో కూర్చున్నా ఒళ్లో చేతులు ఆగవు. ప్యాకెట్టులో పెడుతున్నట్టు కదులుతూనే ఉంటాయి, ఆవిడకే తెలీదు. బావ కెమెరా కన్ను దగ్గర పెట్టుకున్నాడు. చేతులు చూశాడు. ఆవిడే, ఆపాలాండీ, స్టడీ అంటారుగా మీరు అంది. వద్దమ్మా, కదలనీ అన్నాడు. షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచి, మెల్లగా తీశాడు. మొహం రాయిలా నిలిచింది, చేతులు మాత్రం ఎగిరే పక్షుల్లా చెదిరిపోయాయి. మా బావ జీవితంలో ఒక మనిషిని కదలమని చెప్పింది అప్పుడే. ఆ రాత్రి అక్కయ్య ఆ ఫొటోని గోడకి ఆనించి పెట్టుకుని అన్నం తింది.

ఒకడే మొండికేశాడు. పిండి బాబాయ్ అనేవాళ్లం, పిండి కలిపే చోట ఉండేవాడు, కోపిష్టి. తలుపు తియ్యనన్నాడు. ఆ రోజు కొత్త చొక్కా వేసుకున్నాను, టోపీ కింద కనపడకపోయినా తల దువ్వుకుని వచ్చాను, ఆ రోజు తెచ్చిస్తావా అన్నాడు లోపల్నుంచి. బావ, తేలేను బాబాయ్ అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని వెళ్లిపోయాడా అంటే లేదు, వారం వారం వెళ్లి ఆ మెట్టు మీద కూర్చుని వచ్చేవాడు. చివరికి అక్కయ్యకి ఒకటి తోచింది. ఆ చెడిపోయిన వాటిలో బాబాయ్‌ది ఉంది. ఎడమ సగం బాబాయ్, కుడి సగం బూడిద గీతలు. దాన్నే శ్రద్ధగా, పెద్ద సైజులో ప్రింటు తీసి, తలుపు కింద నుంచి లోపలికి తోసింది. ఇద్దరూ బయట నిలబడ్డారు. ఎంతసేపటికో గొళ్లెం చప్పుడైంది. బాబాయ్ ఆ ఫొటో పట్టుకుని నిలబడ్డాడు. కొత్త చొక్కా కాలరు కనిపిస్తోంది అందులో, అదే చూసుకుంటున్నాడు. తర్వాత అన్నాడు, "సరే, మిగతా సగం తియ్యి అయితే." ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది.

తర్వాత్తర్వాత ఊరంతా ఎగబడింది, మా ఇంటికొచ్చి తియ్యండి, మా దుకాణంలో తియ్యండి అని. మార్కెట్ దగ్గర స్టూడియో వాడే తన తండ్రి ఫొటో బావ చేత తీయించుకున్నాడు, అరగంటలో కాదు, నాలుగు సార్లు వెళ్లొచ్చాక. బావ పోయేదాకా అదే కెమెరా. చివర్లో నడవలేకపోయినా అక్కయ్య పక్కన స్టూలేసుకుని కూర్చుని తెర మీద చూస్తూ, ఇక్కడ కాస్త నలుపు తగ్గించు అనేవాడు, ఆవిడ తగ్గించేది కాదు. అక్కయ్య చేతులా, నున్నగా అయిపోయాయి, చిన్నపిల్ల చేతుల్లా. సరే, నేను ముందుకెళ్లిపోతున్నాను. ఎక్కడున్నాం? ఆ, బడి హాలు సంగతి చెప్పాలి.

దొరికినవాళ్లందర్నీ తీశాక, అందరికీ తలా ఒకటి ఇచ్చేముందు ఒకసారి కలిపి చూపిద్దామని బడి హాలు అడిగి తీసుకున్నాడు బావ. గోడ ఈ చివర్నుంచి ఆ చివరికి తాళ్లు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించాడు, అందంగా ఉంటుందని ఒక ఆడామె, ఒక మగాయన, ఒక పెద్ద, ఒక చిన్న. మావాళ్లంతా పిల్లాపాపల్తో వచ్చారు. ముందు ఎవరి ఫొటో దగ్గర వాళ్లు నిలబడ్డారు. తర్వాత, ఎవరు మొదలెట్టారో నాకూ తెలీదు, ఓవెన్ మేస్త్రీ తన ఫొటో తీసి, ఇది ఇక్కడ కాదే అంటూ తీసుకెళ్లి నా ఫొటో పక్కన తగిలించాడు. ఫ్యాక్టరీలో నా తర్వాత ఆయనే కదా. ఇక అందరూ క్లిప్పులు ఊడదీయడమే. పిండి బాబాయ్ ఆ చివరికి పోయాడు, మౌల్డింగ్ వాళ్లం తర్వాత, ఓవెన్, ప్యాకింగ్ ఇటు. కాసేపట్లో గోడ మీద మా లైను మొత్తం నిలబడింది, పిండి దగ్గర్నుంచి పెట్టెలు అంటించేదాకా. బావ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఒక్క చోటు ఖాళీ. ఓవెన్‌కీ ప్యాకింగ్‌కీ మధ్య చెకింగ్ టేబుల్ ఉండేది, విరిగినవీ మాడినవీ ఏరేసే చోటు. ఆ పని చేసే ఆయన ఫ్యాక్టరీ మూసిన మర్నాడే ఏదో ఊరు వెళ్లిపోయాడు, ఎంత వెతికినా దొరకలేదు. సరిగ్గా అప్పుడు ప్యాకింగ్ పెద్దావిడ చేతిలో ఇంకో ఫొటో మిగిలింది. మా అక్కయ్య తీసింది అది, కంప్యూటర్ మేడమ్ చిన్న కెమెరా అడిగి తెచ్చి, మేస్త్రీ గారింట్లో, బావకి తెలీకుండా. ఒక కన్ను మూసి, వంగి, కెమెరాలోకి చూస్తున్న బావ. ఎక్కడో మూల తగిలించిందిట. పెద్దావిడ ఎవర్నీ అడగలేదు, తీసుకెళ్లి ఆ ఖాళీలో పెట్టి క్లిప్పు వేసేసింది. బావ గబగబా వచ్చాడు, తీసెయ్యడానికి. "అమ్మా, నన్నక్కడ పెడతారేంటి. అందరివీ విరగ్గొట్టినవాణ్ని నేను" అన్నాడు. చెయ్యి చాచాడు కూడా. పిండి బాబాయ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "వెనక్కెళ్లి ఒక్కొక్కటీ ఏరుకొచ్చావు కదయ్యా. ఉండనీ అక్కడే" అన్నాడు.

మా బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా అక్కయ్య వైపు తిరిగి, ఆవిడ చేతులు రెండూ పట్టుకుని...

ఆ కిటికీ వెయ్యి తల్లీ, దోమలు వస్తున్నాయి.